ధౌలాగిరికి రెండో తరగతి

వచ్చే శరదృతువు నాటికి ఆసియా ఖండపు వంటలన్నీ ఫిన్లాండ్‌లో సమానమైపోతాయని మా ఆహార గౌరవ శాఖ మంత్రి ఇల్మో కౌకోవిర్తా ప్రకటించారు. ఇకమీదట ఏ కూరా మరో కూర ముందు తల వంచనక్కర్లేదని కూడా అన్నారు. ఈ చారిత్రక ప్రకటనకు ఆయన ఎంచుకున్న చోటు హెల్సింకీలో హకానియేమి సంత వెనక ఉన్న ధౌలాగిరి అనే నేపాలీ హోటలు. ఎంచుకున్న సమయం మధ్యాహ్న భోజనాల వేళ. బఫే బల్లకు వీపు ఆనించి ఆయన మాట్లాడుతున్నంతసేపూ బల్ల దగ్గరికి ఎవరికీ దారి లేదు. ఖాళీ పళ్ళాలు పట్టుకుని మేమంతా వరసలో నిలబడ్డాం. ఒక్కరూ నోరు మెదపలేదు. మంత్రుల ప్రసంగాలు మీ జనం ఇంత శ్రద్ధగా వింటారా అని బయటివాళ్ళు ఆశ్చర్యపోతుంటారు. వినడం కాదు. వరస వదులుకోవడం మాకు చేతకాదు.

మంత్రిగారు బాధతో మాట్లాడారు. ఈ నగరంలోనే జపాన్ భోజనానికి దాదాపు రెండు వందల యూరోలు ఇచ్చి, ఆకలితో బయటికొచ్చి, వంటవాడికి కృతజ్ఞతలు చెబుతున్నామన్నారు. ఇక్కడ పదమూడు యూరోలకు కడుపు నిండా తిని, పైన కాఫీ కూడా తాగి, రొట్టె కాస్త చల్లారిందని సణుగుతున్నామన్నారు. ఇది మనసును కలచివేసే అన్యాయం. అయితే ఆ ధర తగ్గిస్తారా, ఈ ధర పెంచుతారా అని ఒక విలేకరి అడిగాడు. ఇది ధరల సంగతి కాదు, గౌరవం సంగతి అని మంత్రిగారు సున్నితంగా మందలించారు.

"సమానం చెయ్యాలంటే ముందు ఎంత అసమానంగా ఉన్నాయో కొలవాలి. అందుకని వంటలన్నిటినీ నాలుగు తరగతులు చేస్తున్నాం. కంగారు పడకండి. నాలుగోది మొదటిదానికన్నా తక్కువ కాదు. దాని తరవాత వస్తుంది, అంతే."

ట్రామ్ డ్రైవర్ల మనఃస్థితి పరీక్షించి, బండి నడపడానికి పనికొస్తారో లేదో చెప్పడం నా ఉద్యోగం. ఎన్నో మనసులు చూశాను. ముందుకు వెళ్తూనే వెనక్కి వెళ్ళగలిగిన మనసు అదే మొదటిసారి చూడటం.

ధౌలాగిరిలో నా బల్ల ఒకటుంది. గోడకేసి చూస్తూ ఒంటరిగా కూర్చునే బల్ల. గోడ మీద మంచుకొండ ఫొటో. ఏళ్ళ తరబడి ఆ కొండను చూస్తూ భోంచేస్తున్నాను. అది ఏ కొండో ఏనాడూ అడగలేదు. అడిగితే పరిచయం పెరుగుతుంది. ప్రసంగం అయ్యాక మంత్రిగారు హాలంతా కలియజూసి, ఆ బల్ల దగ్గరికే వచ్చారు. ఈ హోటలువాళ్ళతో నాకు చుట్టరికం గానీ స్నేహం గానీ ఉందా అని అడిగారు. ఎదురుగా ఉన్న కొండ పేరు కూడా తెలియదని చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. ఇలాంటి నిష్పాక్షికత కోసమే వెతుకుతున్నానన్నారు. అలా నేను తరగతి నిర్ణయ కమిటీలో సామాన్య భోజన ప్రతినిధినయ్యాను.

పాఠకులు ఒక విషయం గమనించాలి. మంత్రిగారు ఈ హోటలుకు కొత్తవారు కాదు. గురువారమంటే మా దేశమంతా బఠాణీ సూపు తాగుతుంది. మంత్రిత్వ శాఖ క్యాంటీన్లో కూడా అదే. ఆ సూపు తప్పించుకోవడానికి ఆయన పదిహేనేళ్ళుగా ప్రతి గురువారం ధౌలాగిరికి వచ్చి, దిల్‌మాయ అనే ఆవిడ చేతిమీదుగా పళ్ళెం అందుకుని, తలెత్తకుండా తిని వెళ్తున్నారు. ఆసియా మీద ఆయనకున్న అవగాహనంతా అలా ఏర్పడిందే.

దిల్‌మాయ ధౌలాగిరి వంటమనిషి. యజమాని టేక్ బహదూర్ పూన్‌కు అక్క. వాళ్ళ భాషలో దిదీ. పథకంలో ఇంకో అంశం ఉందని ప్రసంగం మర్నాడు టేక్ బహదూరే నా బల్ల దగ్గరికి వచ్చి చెప్పాడు. మొదటి తరగతి వంటలు వండేవాళ్ళను ప్రభుత్వం నిపుణులుగా గుర్తిస్తుంది, వాళ్ళ నివాస అనుమతిని నాలుగేళ్ళు పొడిగిస్తుంది. తక్కిన తరగతుల్లో వండేవాళ్ళు నిపుణులు కారు, చేతులు. దేశంలో చేతులు సరిపడా ఉన్నాయి. దిల్‌మాయ అనుమతి ఈ శరదృతువుతో ముగుస్తుంది. ఆమె కూతురు సిర్జనా ఇక్కడే నర్సు చదువు సగంలో ఉంది. తల్లి వెళ్ళిపోతే పిల్ల ఈ చీకటి దేశంలో ఒక్కతే ఉండాలి.

ఇంతలో దిల్‌మాయే వంటగది తలుపులోంచి తల బయటపెట్టింది. ఆమె నన్ను భాయి అంటుంది, తమ్ముడి వరస. నేను ఆమెను ఏమీ అనను.

"మేం ఏ తరగతి భాయి?"

ఇంకా తేలలేదని చెప్పాను.

"తేలకముందే నీ మొహం నాలుగోదిలా ఉందే," అని లోపలికి వెళ్ళిపోయింది.

కమిటీ మొదటి సమావేశం మంత్రిత్వ శాఖ భవనంలోని ఆవిరి స్నానాల గదిలో జరిగింది. మా దేశంలో ముఖ్యమైన నిర్ణయాలకు గుడ్డలు అడ్డం రాకూడదన్నది సంప్రదాయం. స్త్రీలూ పురుషులూ చెరో గదిలో కూర్చుని మధ్య గోడకున్న కిటికీలోంచి చర్చించుకున్నాం. కమిటీకి శాస్త్రీయ మార్గదర్శి డాక్టర్ సోయిలీ. భోజన మనస్తత్వశాస్త్రంలో ఆవిడ మాట వేదం. గౌరవానికీ ఆకలికీ ఉన్న సంబంధాన్ని ఆవిడ ఆవిరిలోంచి వివరించారు. కడుపు నిండితే మనిషి కృతజ్ఞత వంటవాడి మీంచి కుర్చీ మీదికి మళ్ళుతుంది. అంచేత కడుపు నింపే వంట ఏదీ పై తరగతికి వెళ్ళలేదు. నేను ఆ మాట రాసుకుందామనుకున్నాను, రాసుకోవడానికి ఒంటి మీద జేబు లేదు.

జపాన్ వంటకు మొదటి తరగతి ఇవ్వడానికి ఎంతోసేపు పట్టలేదు. ఓసారి రుచి చూద్దామా అని ఎవరో అంటే డాక్టర్ సోయిలీ వారించారు. రుచి చూసి నిర్ణయించడం మొదటి తరగతికి అవమానం. కొరియా వంట నిరుడు ఎక్కడా లేదు. మంత్రిగారి అమ్మాయి కొరియా సీరియళ్ళు చూడటం మొదలుపెట్టాక అది కూడా మొదటి తరగతే. థాయ్ వంటకు రెండు, ఎందుకంటే కమిటీలో అందరూ సెలవులకు అక్కడికి వెళ్ళినవాళ్ళే, తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో కొందరికి ఏడుపొచ్చింది. వియత్నాం వంటకు మూడు. వడ్డించేవాడి చేతి మీద పచ్చబొట్టు ఉంటే రెండు. చైనా దగ్గర పెద్ద వాదం జరిగింది. అంత పెద్ద దేశానికి ఒకే తరగతి ఏమిటని ఒక సభ్యుడు పట్టుబట్టాడు. చివరికి హోటల్లో చేపల తొట్టి ఉంటే నాలుగు, లేకపోతే రెండు అని రాజీ కుదిరింది.

నేపాల్ మా పత్రాల్లో లేదు. ‘భారతీయం, అలాంటివి’ అన్న కట్టలో ఉండొచ్చని డాక్టర్ సోయిలీ అన్నారు. నేపాల్ వేరే దేశమని నేను అన్నాను. కమిటీలో నేను నోరు విప్పడం అదే మొదలు.

"దేశం వేరే అయ్యుండొచ్చు. సాస్ ఒకటే," అన్నారావిడ.

ఆవిడ అన్నది అబద్ధం కాదు. టేక్ బహదూర్ ఈ ఊరు వచ్చిన కొత్తలో వాళ్ళ ఊరి వంటలే వండాడట. మా వాళ్ళు మర్యాదగా తిని, మర్యాదగా లేచి, మళ్ళీ రాలేదు. మీగడ కలిపాడు. కొందరు వచ్చారు. ఇంకొంచెం కలిపాడు. వరస కట్టారు. అలా మా నోళ్ళను చూసి చూసి వండిన వంట అది. ఇప్పుడు అది అసలైన నేపాలీ వంట కాదని కమిటీ మార్కులు తగ్గించింది. తగ్గించిన చేతుల్లో నాదీ ఒకటి, ఎందుకంటే ఎవరు చెయ్యెత్తారో ఆవిరిలో సరిగ్గా కనబడలేదు.

మంత్రిగారు మాత్రం చలించిపోయారు.

"ఈ వంట నాకు ప్రాణం. పదిహేనేళ్ళుగా తింటున్నాను. ఇది గొప్ప వంట కాదని అందుకే ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను," అన్నారు.

అలా ధౌలాగిరి నాలుగో తరగతి అయింది. కానీ మంత్రిగారు చేయూత ఇవ్వకుండా వదిలేసే మనిషి కాదు. ధౌలాగిరిని మొదటి తరగతికి ఎత్తే బాధ్యత మంత్రిత్వ శాఖే తీసుకుంటుందని, దీన్ని ఆదర్శ ఉద్ధరణగా దేశానికి చూపిస్తామని, వేసవి చివర మళ్ళీ పరీక్షిస్తామని అక్కడికక్కడే ప్రకటించి, వెళ్ళి చన్నీళ్ళలో దూకారు.

ఈ వార్త చెప్పినప్పుడు టేక్ బహదూర్ నా చేయి పట్టుకుని ఊపాడు. మొదటి తరగతి అంటే దిదీ నిపుణురాలవుతుంది కదా అని రెండుసార్లు అడిగాడు. అవుతుందన్నాను. దిల్‌మాయ ఉల్లిపాయలు తరుగుతూ, ఎత్తేవాళ్ళు ఎక్కడ పట్టుకుని ఎత్తుతారో అది చూసుకోమంది.

ఉద్ధరణ మొదలైంది. ముందు బఫే బల్ల తీసేశారు. మనిషి తనకు కావలసింది తనే వడ్డించుకుంటే వంటకు మర్యాద ఉండదట. తరవాత పళ్ళాలు మార్చారు. కొత్త పళ్ళెం బండి చక్రమంత ఉంది, దాని మధ్యలో కూర బొట్టంత. పళ్ళెంలో ఖాళీ ఎంత ఉంటే వంట అంత ఆలోచిస్తున్నట్టు కనబడుతుందని డాక్టర్ సోయిలీ వివరించారు. తరవాత అమ్మమ్మ. పై తరగతి వంటలో ప్రతి వంటకం వెనకా ఒక అమ్మమ్మ ఉండి తీరాలి. డాక్టర్ సోయిలీ దిల్‌మాయను కూర్చోబెట్టి, వంట మీ అమ్మమ్మ దగ్గరే కదా నేర్చుకున్నారని అడిగారు.

"అమ్మమ్మకు వంట రాదు. తాత వండేవాడు. సైన్యంలో వంటవాడు."

"తాత పనికిరాడండీ."

"అవును, మా అమ్మమ్మ కూడా అదే అనేది."

చివరికి మంత్రిత్వ శాఖే ఆమెకు ఒక అమ్మమ్మను మంజూరు చేసింది. కొండల్లో తెల్లవారుజామున ఆకులు ఏరే అమ్మమ్మ. కళ్ళు కనబడవు, వేళ్ళతో రుచి చూస్తుంది. ఫొటో కూడా తెప్పించారు. ఆవిడ పెరూ దేశస్థురాలని తరవాత తెలిసింది. కానీ ముఖంలో ముడతలు నిబంధనలకు సరిపోయాయి. గోడ మీది కొండ తీసేసి, నా బల్ల ఎదురుగా ఆవిడను తగిలించారు. ఇన్నేళ్ళలో మొదటిసారి నేను తింటుంటే ఎవరో చూస్తున్నట్టనిపించింది. గొప్ప భోజనమంటే ఇదే కాబోలనుకున్నాను.

ధర దగ్గర డాక్టర్ సోయిలీ ఒక ప్రయోగం చేశారు. వృత్తిరీత్యా నాకది మరిచిపోలేని అనుభవం. ఒకే గిన్నెలోంచి తీసిన ఒకే పప్పును మూడు గదుల్లో మూడు ధరలకు పెట్టారు. తక్కువ ధర గదిలో వాళ్ళు ఉప్పు అడిగారు. మధ్య ధర గదిలో వాళ్ళు పప్పు ఎక్కడ పండిందని అడిగారు. పెద్ద ధర గదిలో వాళ్ళు ఏమీ అడగలేదు, కళ్ళు మూసుకున్నారు. ఒకావిడ తన బాల్యం గుర్తొచ్చిందని చెప్పింది. ఆవిడ బాల్యం ఆర్కిటిక్ వలయానికి అవతల గడిచింది, అక్కడ పప్పు ఎవరూ చూసి ఎరగరు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను. నాక్కూడా నాలుక మీద ఏదో లోతు తగిలింది. నాలుక అబద్ధం చెప్పదని అంటారు. అది నిజమే. కానీ నాలుకకు ఏం చెప్పాలో పైనుంచి ఎవరో ముందే చెబుతారు.

వంటగదిలో దిల్‌మాయ ఇదంతా తలుపు సందులోంచి చూసింది. ఉప్పు నిజంగానే తక్కువైందని నాతో అంది.

కాఫీ తీసేసిన రోజు మాత్రం ధౌలాగిరి చరిత్రలో నిలిచిపోతుంది. మా దేశంలో మధ్యాహ్న భోజనం ధరలో కాఫీ కలిసే ఉంటుంది. పై తరగతిలో ఏదీ దేనితోనూ కలిసి ఉండకూడదని డాక్టర్ సోయిలీ కాఫీ పాత్రను తీయించేశారు. ఎవరూ గొడవ చెయ్యలేదు. ఒక్కొక్కరే వచ్చారు. పాత్ర ఉండే చోటును చూశారు. అక్కడ గుండ్రటి మరక మాత్రం ఉంది. మరకను కాసేపు చూశారు. కోటు వేసుకుని వెళ్ళిపోయారు. దేశంలో ఇంత తీవ్రమైన నిరసన నేను పుట్టాక చూడలేదు. దానికి తోడు కొత్త ధర ఆఫీసులిచ్చే భోజన కార్డు పరిమితి దాటిపోయింది. మా వాళ్ళు ప్రేమ కోసం సముద్రాలు దాటుతారు గానీ భోజన కార్డు పరిమితి దాటరు. వారం తిరిగేసరికి హోటలు ఖాళీ.

టేక్ బహదూర్ తల పట్టుకుని కూర్చున్నాడు. డాక్టర్ సోయిలీ మాత్రం ఆనందం పట్టలేకపోయారు.

"బల్లలన్నీ ఖాళీ. అంటే ఎవరికీ దొరకని చోటన్నమాట," అన్నారు.

ఎవరికీ దొరకకపోవడం పై తరగతికి ముఖ్య లక్షణం. ఆ లక్షణాన్ని కాపాడుకోవడానికి తలుపుకు తాళం వేయించారు. ఫోను మోగినా ఎత్తకూడదన్నారు. ఆ మర్నాడు నేను వెళ్ళి అద్దం మీద తట్టాను. లోపల టేక్ బహదూర్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు, తాళం తీయలేదు. నేను కమిటీ సభ్యుణ్ణని అద్దంలోంచి సైగ చేశాను. అయితే అసలు రాకూడదని ఆయన సైగ చేశాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒక అరటిపండు తిని ట్రామ్ డ్రైవర్లను పరీక్షించాను. అందరూ నాకన్నా స్థిరంగా ఉన్నారు.

నెల తిరిగేసరికి ధౌలాగిరి పేరు పేపర్లకెక్కింది. హెల్సింకీలో బల్ల దొరకడం అన్నిటికన్నా కష్టమైన హోటలు అదేనని రాశారు. తాళం ముందు నిలబడి జనం ఫొటోలు తీసుకున్నారు. లోపల తిన్నామని చెప్పుకునేవాళ్ళు కూడా బయల్దేరారు, వాళ్ళు అమ్మమ్మ గురించి కన్నీళ్ళతో చెప్పేవారు. మంత్రిగారు పార్లమెంటులో లేచి, గత గురువారం తనకే లోపలికి వెళ్ళడం కుదరలేదని గర్వంగా ప్రకటించారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ గురువారం ఆయన బఠాణీ సూపు తాగినట్టు క్యాంటీన్ వాళ్ళ వల్ల తెలిసింది. ప్రజాసేవలో ఇంతటి త్యాగం ఈ రోజుల్లో అరుదు.

మీగడ అమ్మేవాడు రావడం మానేశాడు. టేక్ బహదూర్ కారు అమ్మేశాడు. ఇంకొన్నాళ్ళే కదా, దిదీకి అనుమతి వస్తే మళ్ళీ కాఫీ పెట్టేద్దామని అక్కకు చెప్పుకున్నాడు. దిల్‌మాయ రోజూ తాళం వేసిన హోటల్లో పొయ్యి వెలిగించేది. ఎందుకని నేను అద్దంలోంచి అడిగితే, నిపుణురాలు కాబోయేది వంట మరిచిపోతే బాగుండదు కదా అని అద్దంలోంచే చెప్పింది.

వేసవి చివర పరీక్ష జరిగింది. కమిటీ కోసం తాళం తీశారు. మేం కూర్చున్నాం. బొట్లు బొట్లుగా చాలా వచ్చాయి. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మామూలు రోజుల్లో కూడా ఎవరూ మాట్లాడరు గానీ, ఈసారి ఆ మౌనానికి మార్కులున్నాయి. డాక్టర్ సోయిలీ లెక్క ప్రకారం మౌనంలో ధౌలాగిరి జపాన్ హోటళ్ళను కూడా దాటేసింది. టేక్ బహదూర్ గోడ పక్కన నిలబడి మా గొంతుల్లోంచి దిగే ప్రతి ముద్దనూ చూస్తున్నాడు. ఆయన ముఖంలోకి చూడకుండా ఉండటానికి నేను పెరూ అమ్మమ్మను చూస్తూ తిన్నాను.

ఫలితం మంత్రిగారే స్వయంగా ప్రకటించారు. ధౌలాగిరికి రెండో తరగతి. ఒక నేపాలీ హోటలు ఈ దేశంలో ఇంత ఎత్తుకు ఎన్నడూ చేరలేదు. అందరం లేచి నిలబడ్డాం. నురగలు పొంగే వైన్ పోశారు. మొదటి తరగతి ఎందుకు రాలేదని టేక్ బహదూర్ చాలా మర్యాదగా అడిగాడు. మంత్రిగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"అన్నీ ఉన్నాయి. ఏం లేదో చెప్పడం కష్టం. ఏం లేదో చెప్పగలిగితే అది మొదటి తరగతి కాదు."

మరి మా అక్క సంగతేమిటని అడిగాడు. దానికీ ఏర్పాటు ఉంది. రెండో తరగతిలో వండేవాళ్ళు ఉత్త చేతులు కారు, గౌరవనీయమైన చేతులు. దేశం విడిచి వెళ్ళాల్సిందే గానీ, వెళ్ళేటప్పుడు మంత్రిగారి సంతకంతో ప్రశంసాపత్రం ఇస్తారు. అది చట్రం కట్టించి ఇస్తారా, ఉత్తదే ఇస్తారా అన్నది ఇంకా చర్చలో ఉంది.

దిల్‌మాయను వంటగదిలోంచి పిలిపించి ఆ ముక్క చెప్పారు. ఆమె తుడుచుకుంటున్న చేతులు తుడుచుకుంటూనే విన్నది. మంత్రిగారు ఆమె చెయ్యి పట్టుకుని ఊపారు. ఫొటోలో ఆమె ముఖం సరిగ్గా పడలేదు. మంత్రిగారిది పడింది. అందరూ వెళ్ళాక టేక్ బహదూర్ కుర్చీలు సర్దడం మొదలుపెట్టి, ఒకే కుర్చీని మళ్ళీ మళ్ళీ సర్దాడు. నేను వెళ్ళిపోవాల్సింది. కోటు కూడా వేసుకున్నాను. ఎందుకో వెళ్ళి మళ్ళీ నా బల్ల దగ్గరే కూర్చున్నాను. దిల్‌మాయ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ బల్ల దగ్గర నా ఎదురుగా ఒక మనిషి కూర్చోవడం ఎన్నడూ జరగలేదు.

"భాయి, మొదటి తరగతి వంటగదుల్లో ఎవరుంటారు?"

"నిపుణులు."

"వాళ్ళు నిపుణులెట్లా అయ్యారు?"

నిబంధనలు గుర్తు చేసుకుని, మొదటి తరగతి వంటగదిలో ఉండటం వల్ల అన్నాను.

ఆమె వెనక్కి చేతులు పెట్టి, నడుముకు కట్టుకున్న ఏప్రన్ ముడి విప్పింది.

"అంటే నేను మారక్కర్లేదు. గది మారితే చాలు," అంది.

టేక్ బహదూర్ కుర్చీ వదిలేసి అక్కకేసి చూశాడు. మర్నాటి నుంచి ధౌలాగిరిలో ఆమె లేదు. వారం తరవాత టేక్ బహదూర్ తాళం తీసేసి, కాఫీ పాత్రను దాని మరక మీద పెట్టేశాడు. దాంతో హోటలు మళ్ళీ నాలుగో తరగతికి జారింది. జనం వరస కట్టారు. కూరలు ఆయనే వండుతున్నాడు. అంత బాగుండవు. ఎవరూ ఏమీ అనరు.

శరదృతువులో పథకం విజయోత్సవ విందు జరిగింది. మొదటి తరగతి అంటే ఏమిటో అందరికీ తెలియాలని దాన్ని నగరంలోకెల్లా ఖరీదైన జపాన్ హోటల్లో ఏర్పాటు చేశారు. దాని పేరు త్సుకిమోరి. యజమాని లిన్ అనే చైనా ఆయన. ఇదివరకు ఆయనకు చేపల తొట్టి ఉన్న హోటలుండేది. పథకం రాగానే తొట్టి అమ్మేసి, గోడలకు నల్లరంగు కొట్టించి, దీపాలు సగం ఆర్పేసి జపాన్ వంటకు మారాడు. కొత్త వంటవాళ్ళను తీసుకునేటప్పుడు ఆయన ఒక్క ప్రశ్నే అడుగుతాడని విన్నాను, పని చేస్తూ మాట్లాడకుండా ఉండగలరా అని. చట్టం కూడా అంతే. వంటగదిని చూస్తుంది, వంటమనిషిని చూడదు.

మేం చెక్క బల్ల వెంట బారుగా కూర్చున్నాం. ఎదురుగా వంటవాళ్ళు నల్ల టోపీలు, నల్ల ముసుగులు వేసుకుని పని చేస్తున్నారు. కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. చిన్న చేప ముక్క వచ్చింది. ఆకు మీద ఇంకేదో వచ్చింది. ప్రతిదానికీ మంత్రిగారు తల పంకించారు. ఆ తరవాత చిన్న నల్ల గిన్నెల్లో పులుసు లాంటిది వచ్చింది. మూత తీశాను.

ఆ వాసన నాకు తెలుసు. ధౌలాగిరిలో జనం వెళ్ళిపోయాక వాళ్ళు భోంచేసే వెనకగది తలుపు సందులోంచి వచ్చేది. ఆవ ఆకు కుండలో కుక్కి, పులిసిన తరవాత ఎండబెట్టి దాచుకుంటారు. కొండల్లో చలికాలమంతా పేదవాళ్ళకు అదే ఆధారం. మేం ముక్కు మూసుకుంటామని టేక్ బహదూర్ దాన్ని ఏనాడూ బఫే మీదికి రానివ్వలేదు. నేను తలెత్తి నల్ల ముసుగుల వరస చూశాను. నాలుగో ముసుగు పైనున్న కళ్ళు నన్ను చూసి, చూడనట్టు గరిటె మీదికి దిగాయి.

మంత్రిగారు ఒక గుక్క తాగారు. కళ్ళు మూసుకున్నారు. కమిటీ అంతా కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి మంత్రిగారు ఒకే ఒక్క మాట అన్నారు.

"సముద్రం."

లోతైన సముద్రమని డాక్టర్ సోయిలీ సవరించారు. తుపాను వచ్చి వెళ్ళిన తరవాతి సముద్రమని ఇంకొకాయన చేర్చారు. నా వంతు వచ్చింది. అందరూ నాకేసి చూశారు. సామాన్య భోజన ప్రతినిధిగా, అవునన్నాను.

మంత్రిగారు తన జీవితంలో చెయ్యని పని చేశారు. లేచి, ఇది వండినవారు ఎవరని అడిగి, నాలుగో ముసుగు ముందుకు వెళ్ళి, రెండు చేతులూ తొడల మీద ఆనించి, నడుము దాకా వంగి నమస్కరించారు. కెమెరాలు మెరిశాయి. ఆవిడకు అర్థం కావాలని మా భాషను నిదానంగా, ఒక్కో మాటా విడదీసి పలికారు. సముద్రం పక్కన ఎన్నేళ్ళు పెరిగితే ఈ రుచి వస్తుందని అడిగారు.

"మా ఊరి నుంచి సముద్రానికి వెళ్ళాలంటే ఇంకో దేశం దాటాలి," అంది దిల్‌మాయ, మా భాషలోనే.

మంత్రిగారు చలించిపోయి మరింత కిందికి వంగారు. సముద్రానికి దూరమైనవాళ్ళే సముద్రాన్ని ఇంతగా తలుచుకోగలరని అన్నారు. ఈమెలాంటి నిపుణులు ఈ దేశంలో నాలుగేళ్ళు కాదు, నలభయ్యేళ్ళు ఉండాలన్నారు. ఆయన సహాయకుడు వెంటనే ఫోను తీసి ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పుడు మంత్రిగారు నావైపు తిరిగి, ఆవిడకు వినబడినా తప్పులేదన్నట్టు గొంతు తగ్గించారు.

"చూశారా, ఇదీ తేడా. నేర్పితే వచ్చేది కాదు. ఆ ధౌలాగిరి వంటావిడను వెళ్ళిపోయేలోగా ఒక్కసారి ఇక్కడికి పంపించి చూపిస్తే బాగుండేది."

దిల్‌మాయ కూడా తొడల మీద చేతులు ఆనించి వంగింది.

"తప్పకుండా పంపండి మంత్రిగారూ. ఆవిడకు ఒక బల్ల ఉంచుతాం," అంది.